మోమిన్‌పేట్ వాన

పిల్లలూ, ఒక ప్రశ్న. ఫోన్‌లో యాప్ తెరుచుకోకపోతే మనం ఒక నంబరుకు ఫోన్ చేస్తాం కదా. అవతల ఎత్తే మనిషి ఎట్లా ఉంటుందో మీరెప్పుడైనా ఆలోచించారా?

"మనిషెక్కడ అమ్మమ్మా? మిషనే మాట్లాడుతది. తెలుగు కోసం ఒకటి నొక్కండి అంటది" అంటుంది సహస్ర.

నిజమే, ఇప్పుడు మిషనే. కానీ మొన్నమొన్నటి దాకా మనుషులే ఎత్తేవాళ్లు. వికారాబాద్ స్టేషన్ రోడ్డులో ఒక ఎరువుల దుకాణం ఉంది. దాని మీది అంతస్తులో, కిటికీల్లేని పొడుగాటి గదిలో కొందరు ఆడపిల్లలు చెవులకు హెడ్‌సెట్లు పెట్టుకుని కూర్చునేవాళ్లు. వాళ్లలో ఒకమ్మాయి సింధుజ.

సింధుజది యాలాల్. తండ్రి అంజిలయ్య గొర్లు కాస్తాడు, తల్లి మైసమ్మ చేను చూసుకుంటుంది. డిగ్రీ అయ్యాక సింధుజ ఈ పనిలో చేరి, వికారాబాద్‌లోనే చిన్న గదిలో ఉండేది. రైతులు పంట వివరాలు ఎక్కించుకోవడానికి, ట్రాక్టరు కిరాయికి పిలుచుకోవడానికి ఒక యాప్ వచ్చింది. దాన్ని తయారుచేసినవాళ్లు హైదరాబాద్‌లో ఏదో అద్దాల మేడలో ఉండేవాళ్లు. అది మొరాయించినప్పుడు తిట్లు తినేవాళ్లు మాత్రం వికారాబాద్‌లో ఉండేవాళ్లు.

పొద్దున రాగానే సొంత ఫోన్ బీరువాలో పెట్టాలి. కాగితాలు ఎగరకుండా వాటి మీద తాండూరు బండ ముక్క ఒకటి పెట్టుకోవాలి. బల్ల మీద తువ్వాల పరచుకోవాలి. తువ్వాల ఎందుకంటారా? ఫోన్ చేసినవాళ్ల ఊళ్లో ఎట్లా ఉంటే హెడ్‌సెట్ లోంచి అట్లా వచ్చేది. దోమ అనే ఊళ్లో గాలి లేస్తే ఇక్కడ కాగితాలు లేచేవి. మంచు పడే ఊరి నుంచి ఫోన్ వస్తే కంప్యూటర్ తెర మసకబారేది. ఎక్కడైనా వాన పడుతుంటే మాటతోపాటు చినుకులు రాలేవి. హెడ్‌సెట్ కంపెనీది, తువ్వాల మాత్రం ఎవరిది వాళ్లదే. చేరిన రోజే ఆ సంగతి చెప్పేవాళ్లు. ముసురు రోజుల్లో మెట్ల కటకటాల నిండా రంగురంగుల తువ్వాళ్లు ఆరుతూ ఉండేవి. మధ్యాహ్నం డబ్బాలు విప్పుకుని తింటూ, ఎవరి చెవిలో ఏ ఊరి ఎండ కొట్టిందో, ఏ ఊరి గాలి చల్లగా ఉందో చెప్పుకునేవాళ్లు.

పని మాత్రం చల్లనిది కాదు.

"ఫోన్ ఒకసారి స్విచాఫ్ చేసి ఆన్ చేయండి సార్."

"మాట్లాడే ఫోన్ బంద్ చేస్తే నీతోని ఎట్ల మాట్లాడాలె? జర అక్కల్ ఉందా నీకు?"

ఉందని చెప్పడానికి వీల్లేదు. 'మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం' అని రాసిపెట్టిన వాక్యం చదవాలి. పెద్దనాయినా, అక్కా అని పిలవకూడదు. అందరూ సార్లు, మేడమ్‌లే. మాట సాగితే తెర మీద ఎర్ర గీత వచ్చేది. యాప్ తెరుచుకున్న క్షణమే అవతలివాళ్లు టక్కున పెట్టేసేవాళ్లు. ఇంట్లో దీపం వెలుగుతున్నంతసేపు లైన్‌మన్ ఎవరికైనా గుర్తొస్తాడా? ఇదీ అంతే.

సింధుజకు ఆ గదిలో ఇష్టమైంది ఒకటే. అప్పుడప్పుడు యాలాల్ వైపు నుంచి ఫోన్ వచ్చేది. దాంతోపాటే తడిసిన గొర్ల ఉన్ని వాసన, కంది ఆకు వాసన వచ్చేవి. తల్లి కలుపు తీస్తుంటే గట్టు మీద కూర్చుని సద్దిరొట్టె తిన్న పొద్దులు, తండ్రి ఈల వేయగానే మంద మొత్తం తలలెత్తి చూడటం, అన్నీ యాదికొచ్చేవి. ఆ ఫోన్లను కొంచెం సాగదీసేది. అందుకే ఎర్ర గీతలు ఆమెకే ఎక్కువ. గదికి పెద్ద వెంకటేశం సార్. ఆయన ఇప్పటికే రెండుసార్లు హెచ్చరిక కాగితం ఇచ్చాడు. మూడోసారి ఇస్తే ఇంటికే.

ఆ యేడు వినాయక చవితి దాటినా యాలాల్‌లో చినుకు లేదు. ఒక పొద్దున మైసమ్మ నేరుగా హెల్ప్‌లైన్‌కే ఫోన్ చేసింది. "నా బిడ్డ సింధుజ ఉందా?" అనగానే వేడి దుమ్ము బుస్సున వచ్చి సింధుజ కళ్లల్లో పడింది.

"అమ్మా, ఈ నంబరుకు చేయొద్దన్న గద."

"మరేం చేయాలె? నీ ఫోన్ ఎత్తకపోతివి. కంది మాడిపోతుంది బిడ్డా. మీ నాయిన రేపు గని సేటుకు మాటిస్తడట."

సింధుజ తువ్వాలతో కళ్లు తుడుచుకుంది. తాండూరు చుట్టుపక్కల చాలా చేలల్లో కాస్త మట్టి తీస్తే కింద బండే. గనివాళ్లు చేను తీసుకుని తవ్వుతారు. తవ్వాక మిగిలేది గుంత. గుంతలో కంది మొలవదు, గొర్లు మేయవు. అంజిలయ్య ఇన్నేళ్లుగా సేటుకు కాదనే చెబుతూ వచ్చాడు. ఈసారి పంట పోతే కాదనడానికి ఆయన దగ్గర మాట లేదు. పూతకు ముందు ఒక్క తడి దొరికితే చేను నిలుస్తుంది. లేకపోతే లేదు.

మధ్యాహ్నం ప్రేమ్‌సాగర్ ఫోన్ వచ్చింది. ఆయనది మోమిన్‌పేట్. రోజూ పాస్‌వర్డ్ మరిచిపోయేవాడు, రోజూ తిట్టేవాడు. "పెండ్లాం పోయినంక ఇంట్ల తిట్టెతందుకు ఎవరూ లేరు పాపం" అనేది పక్క సీటులోని నిరోషా. ఆ రోజు ఆ ఫోన్ సింధుజకు పడింది.

"ఏ పిల్లా! మళ్ల బంద్ పడ్డది నీ దిక్కుమాలిన యాప్!"

మాటతోపాటు చెంబుతో గుమ్మరించినట్టు నీళ్లు. మోమిన్‌పేట్‌లో వాన దంచికొడుతోంది. తువ్వాల ముద్దయింది.

"జల్ది పాస్‌వర్డ్ మార్చి పంపియ్యే, నా సీటు దాక వస్తున్నయి నీళ్లు" అంది నిరోషా కాళ్లు పైకి పెట్టుకుంటూ.

సింధుజ ఆ నీళ్లనే చూస్తూ కూర్చుంది. తెర మీద రెండు ఫోన్లను కలిపే బటన్ ఉంది. పెద్ద ఇంజినీర్లను లైన్లోకి పిలవడానికి తప్ప దాన్ని ముట్టకూడదు. బయటివాళ్లను ఒకరితో ఒకరిని కలిపితే ఉద్యోగం ఊడుతుంది. సింధుజ తల్లి నంబరు కొట్టి, ఆ బటన్ నొక్కింది.

"అమ్మా, ఫోన్ స్పీకర్ల పెట్టి చేన్లకు నడువు. ఏం అడగకు."

మైసమ్మ చేనుకు నడిచింది. ఫోన్‌ను చెయ్యి చాచి పట్టుకుని మొదటి సాలులోకి దిగింది. ప్రేమ్‌సాగర్ అరుపు అటు ఇటు నాలుగు సాళ్ల వెడల్పున జల్లై పడింది.

ఇక్కడో చిక్కుంది పిల్లలూ, జాగ్రత్తగా వినండి. ఆయన మాట్లాడితేనే వాన. కొత్త పాస్‌వర్డ్ పంపితే పెట్టేస్తాడు. అందుకని సింధుజ పంపలేదు.

"మీ సమస్య మొదటినుంచి చెప్పండి సార్."

"మొదటినుంచా? పోయినేడు నుంచి మొత్తుకుంటున్న గదనే!"

"పోయినేడుది గూడ చెప్పండి సార్."

చెప్పాడు. యాప్‌ను తిట్టాడు, చేసినవాళ్లను తిట్టాడు, సిగ్నల్ టవర్‌ను తిట్టాడు. కానీ ఎంత నోరైనా అలుస్తుంది కదా. "సర్లే, పంపియ్యి, పెట్టేస్త" అన్నాడు నీరసంగా. జల్లు తుంపర అయింది. చేను ఇంకా సగం పొడిగానే ఉంది.

అప్పుడు అందుకుంది మైసమ్మ.

"ఎవలయ్యా నువ్వు? నోరా అది, బండలు కోసే మిషనా?"

"నడుమల నువ్వెవరమ్మా?"

"దాని తల్లిని. నీకు యాది లేకుంటే నా బిడ్డేం జేస్తది? నీ పెండ్లి తారీఖన్న యాదికుందా?"

"నా పెండ్లి జోలికి రాకు!"

ఆ మాటకు యాలాల్ చేలో ఉరిమింది. వాన మళ్లీ ఎత్తుకుంది. మైసమ్మ సాలు మారి, "ఆడపిల్ల దొరికిందని తిట్టుడు గాదు, దమ్ముంటే నాకు చేసి తిట్టు, రాసుకో నా నంబరు" అని గుక్క తిప్పుకోకుండా చెప్పింది. ఆయనా రాసుకున్నాడు.

సింధుజ తెర అంతా ఎర్రబడింది. వెనక నుంచి వెంకటేశం సార్ ప్యాంటు మడుచుకుంటూ వచ్చి నిలబడ్డాడు.

"కలిపినవా?"

"కలిపిన సార్."

ఆయన కాసేపు ఆ జగడం విన్నాడు. ఆయనదీ సేద్యం చేసిన ఇల్లే. "ఇంకెన్ని సాళ్లున్నయట?" అన్నాడు మెల్లగా.

"మూలకు కొన్ని ఉన్నయి సార్."

ఆయన ఆగాడు. ఆ మూల కూడా తడిశాక, కొత్త పాస్‌వర్డ్ పంపించాక, మూడో కాగితం ఇచ్చాడు. ఇస్తుంటేనే అది తడిసి సిరా కారింది. కానీ కాగితం కాగితమే.

సింధుజ ఆ సాయంత్రమే తాండూరు రైలెక్కింది. అక్కడి నుంచి ఆటోలో ఊరు చేరింది. దారి పొడుగునా చేలన్నీ దుమ్ము రంగులో ఉన్నాయి, తమది మాత్రం నల్లగా తడిసి ఉంది. అంజిలయ్య చెప్పులు విడిచి బురదలో ఊరికే నిలబడి ఉన్నాడు. మర్నాడు గని సేటు వస్తే, "వద్దు సేటూ, కంది నిలవడ్డది" అన్నాడు. సేటు గట్టు దిగి మట్టిలో చేయిపెట్టి చూసి వెళ్లిపోయాడు.

ఆ చలికాలంలోనే వికారాబాద్ గదిని ఖాళీ చేయించి, ఫోన్లు ఎత్తడానికి మిషన్ తెచ్చారు. ఇప్పుడక్కడ ఎరువుల బస్తాలు వేస్తున్నారు. ఆ మిషన్‌కు ఏ ఊరి నుంచి ఫోన్ చేసినా ఒక్క చుక్క రాలదు, ఒక్క కాగితం కదలదు.

మరుసటి యేడు మళ్లీ వాన మొహం చాటేసింది. సింధుజ చేలో ఉండగా తల్లి ఫోన్ మోగింది. ఆనాడు కలిపిన లైను ఇంకా తెగనట్టుంది, ఎత్తగానే చెయ్యి తడిసింది.

"ఏ యాలాలమ్మా! ఈడ పడుతుంది. చేన్లకు పో, తిట్టుడు షురూ చేస్త."

తన తిట్లతో చేను తడిసిన సంగతి మైసమ్మ ఆయనకు ఎప్పుడో చెప్పేసింది. సింధుజ తననే తల్లి అనుకోనిచ్చి సాలులోకి దిగింది. ప్రేమ్‌సాగర్ మిషన్‌ను తిట్టాడు, ఒకటి నొక్కమన్నవాళ్లను తిట్టాడు, తన మతిమరుపును కూడా తిట్టాడు. ఆఖరి సాలు తడిశాక ఆమె నోరు తెరిచింది.

"ఇగ చాలు పెద్దనాయినా."

ప్రేమ్‌సాగర్ తిట్టడం ఆపాడు. గొంతు గుర్తుపట్టినట్టున్నాడు.

"ఇంకేమన్న కావాల్నా బిడ్డా? ఈడ ఇంక పడుతనే ఉంది."

సింధుజ ఫోన్‌ను తడి చెంపకు ఆనించుకుని, ఇంకొంచెంసేపు అట్లాగే మాట్లాడమంది.

సరే, లేవండి. బకెట్లో దుప్పట్లు నానబెట్టి చాలాసేపయింది, వాటిని జాడించి ఆరేయాలి.