మూలన నిండు బకెట్

ఆదివారం వచ్చిందంటే చాలు, మా ఆయనకి ఇంటి ఓనరు పూనుతాడు. మిగతా ఆరు రోజులూ ఈ పరాయి దేశంలో ఒక గోదాములో సరుకు సర్దుకునే మామూలు మనిషే. ఆదివారం పొద్దున తొమ్మిదయ్యేసరికి మాత్రం పైన ఇస్త్రీ చొక్కా, కింద పాత నిక్కరు వేసుకుని, ఫోనుని పంచదార డబ్బాకి ఆనించి కూర్చుంటారు. మా ఊళ్లో మాకున్నది ఒక్కగానొక్క ఫ్లాటు. అందులో అద్దెకుండేది మిషనక్క. బట్టలు కుట్టే మనిషి కాబట్టి నేనలా పిలుస్తాను. ఆవిడ ఫోను పట్టుకుని గది గదీ తిప్పి చూపించాలి, ఈయన ఇక్కణ్ణించి తనిఖీ చెయ్యాలి. మూడేళ్లుగా ఇదే తంతు.

"ఆ కుళాయి ఒకసారి తిప్పండమ్మా. ఊఁ, కట్టేయండి. సింకు కింద చూపించండి. అదేంటి, గోడ మీద ఆ నల్లది? మేకు కాదు కదా?"

"దోమ సార్."

"కొట్టకండి, మరక పడుతుంది."

మేకు అంటే మా ఆయనకి ప్రాణం మీదికొస్తుంది. అద్దె కాగితంలో మొదటి షరతే అది, గోడకి మేకు దిగకూడదని. ఆ మహాతల్లి గడియారం కూడా బల్ల మీదే పెట్టుకుంది. చివరికి బాత్రూం దగ్గరికొచ్చేసరికి ఈయన మొహం వెలిగిపోయేది. మూలన ఎర్ర బకెట్, అంచులదాకా నీళ్లు. ఏ ఆదివారం చూసినా అంతే.

"చూశావా, ఎప్పుడూ నిండుగా పట్టి పెట్టుకుంటుంది. క్రమశిక్షణంటే అదీ. నువ్వూ ఉన్నావు," అనేవారు నాతో.

నాకు ఒళ్లు మండేది. పనిచేసుకునే మనిషి, కుట్టే కుట్టు ఆపి ఈయనకోసం వారం వారం ఈ ఊరేగింపేంటి? వద్దంటే వింటేగా! "ఇల్లు మనది, కళ్లల్లో వత్తులేసుకుని చూసుకోవాలి," అనేవారు. "మనమూ ఇక్కడ అద్దెకే ఉన్నాంగా, మన ఓనరు ఇలా చేస్తేనో?" అంటే, "మనం పద్ధతిగా ఉంటాం," అనేవారు.

ఆ పద్ధతి ఏపాటిదో మొన్న శనివారం తేలిపోయింది.

మేమున్న ఇంటికి ఈ నెలతో అగ్రిమెంటు అయిపోతోంది. సోమవారం పదింటికి ఏజెన్సీ నుంచి ఒకావిడ వచ్చి ఇల్లంతా చూస్తుంది. బాగుంటేనే మళ్లీ రాసిస్తారు, లేదంటే ఖాళీ చెయ్యాలి. ఈ వీధిలో ఉంటేనే మా పాపకి ఆ బడిలో సీటు. వచ్చిన కొత్తలో ఏడాదిపాటు బడిలో నోరు విప్పని పిల్ల, ఈమధ్యే ఒక స్నేహితురాలు దొరికి గలగలా మాట్లాడుతోంది. దాన్ని తీసుకెళ్లి మళ్లీ ఇంకో బడిలో పడెయ్యాలంటే నా ప్రాణం ఒప్పుకోదు. అందుకే వారం రోజులుగా నడుం విరిగేలా ఇల్లు తుడుస్తున్నాను.

ఈయనకేమో సరిగ్గా ఆ శనివారమే బుద్ధి పుట్టింది, బాత్రూంలో తువ్వాలుకి ఒక కొక్కెం ఉంటే ఇల్లు ఇంకా పద్ధతిగా కనిపిస్తుందని. అవును, మేకే! నేను బట్టలు మడతపెడుతుంటే ఠంగుమని ఒక చప్పుడు, దాని వెనకాలే సన్నగా "అయ్యో" అని ఇంకోటి. వెళ్లి చూద్దును కదా, గోడలో మేకు వంకరగా వేలాడుతోంది. సుత్తి పిడి ఈయన చేతిలో ఉంది. సుత్తి తలకాయ ఊడి మూలన పడి ఉంది. దాని కింద టైల్ మూడు ముక్కలు.

"ఏం చేశారండీ ఇది!"

ఈయన నీళ్లు నమిలారు. "గోడ... కొంచెం గట్టిగా ఉంది."

నాకు ఏడుపొచ్చేసింది. పక్క గదిలో పాప ఆ స్నేహితురాలితో ఫోనులో పకపకా నవ్వుతోంది. ఇక్కడ మేస్త్రీ రావాలంటే పదిహేను రోజుల ముందు చెప్పాలి. ఇలాంటి వాటికి ఒక దారి చూపించే మనిషి నాకు ఒక్కతే గుర్తొచ్చింది. మిషనక్కకి ఫోను చేయబోయాను.

"వద్దే, పరువు పోతుంది," అన్నారు ఈయన.

"మీ పరువు ఇందాకే మూడు ముక్కలైంది, అవతలికి జరగండి."

మిషనక్క మెడలో టేపుతో, పెదాల మధ్య గుండుసూదులతో తెర మీదికొచ్చింది. నేను ఫోను మూలకి తిప్పి విరిగిన టైల్ చూపించాను. ఈయన తలుపు వెనక నక్కారు. అక్క ఒక్క క్షణం చూసి, సూదులు తీసి పక్కనున్న గుడ్డకి గుచ్చింది.

"కంగారు పడకమ్మా. ముక్కలు పారెయ్యలేదు కదా? ఉన్నచోటే మళ్లీ పేర్చు. సందుల్లో తెల్ల సిమెంటు పెట్టి వేలితో రుద్దు. ఉత్త సిమెంటు పెట్టావంటే కొత్తగా మెరిసి పట్టిచ్చేస్తుంది, రెండు చుక్కలు టీ డికాషన్ కలుపు. మేకు బెజ్జంలోకి పళ్ల పేస్టు చాలు."

"ఆరాక పైన గుడ్డేదైనా వెయ్యనా అక్కా?"

"గుడ్డేస్తే ఎత్తి చూస్తారు. బకెట్ పెట్టు. ఖాళీదైతే కాలితో జరుపుతారు, అంచులదాకా నీళ్లు పొయ్యి. నిండు బకెట్ ఎవరూ ముట్టుకోరమ్మా. మా మిషన్ స్టాండు కడుగుతుంటే జారిపడి మూలన టైల్ విరిగినప్పట్నించీ, మూడేళ్లుగా నేనూ..."

అక్క నాలుక కరుచుకుంది. ఈయన మెల్లిగా తలుపు వెనకనుంచి బయటికొచ్చారు. తెర మీద ఆవిడా, ఇక్కడ ఈయనా ఒకరినొకరు చూసుకుంటూ ఉండిపోయారు.

"మీరూ ఉన్నారా సార్," అంది అక్క. మొహంలో నెత్తురుచుక్క లేదు. "చెప్తే ఖాళీ చెయ్యమంటారని భయమేసింది. నా గిరాకీ అంతా ఈ వీధిలోనే."

నేనే ఏదో సర్దిచెప్పి ఫోను పెట్టేశాను. ఇక చూడండి, "మూడేళ్లు! నా కళ్లముందే!" అని కాసేపు ఊగిపోయారు.

"ఊగింది చాలు. పోయి టీ పెట్టండి, సిమెంటులోకి," అన్నాను.

సోమవారం ఏజెన్సీ ఆవిడ టంచనుగా వచ్చింది. చేతిలో ట్యాబ్, మొహంలో నవ్వన్నది లేదు. కుళాయి తిప్పమంది. సింకు కింద చూపించమంది. హాల్లో గోడ దగ్గర ఆగి, "ఈ నల్లదేంటి?" అంది.

"దోమ మేడమ్," అన్నారు మా ఆయన చేతులు కట్టుకుని. అంత గాభరాలోనూ నాకు నవ్వాగలేదు.

బాత్రూం మూలన మా నీలం బకెట్ అంచులదాకా నిండి ఉంది. ఆవిడ బూటు కొసతో దాన్ని నెట్టబోయింది. నీళ్లు ఒలికి బూటు మీద పడ్డాయి. చప్పున కాలు వెనక్కి తీసుకుంది. ఈయన నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకున్నారంటే గోళ్లు దిగిపోయాయి. ఆవిడ ట్యాబ్ మీద ఏదో నొక్కి, "ఇంకో రెండేళ్లకి రాసుకోండి," అని వెళ్లిపోయింది.

మా ఆయన బాత్రూం గడప మీదే కూలబడ్డారు. "ఒక్కరోజుకే గుండె ఆగిపోయేట్టుందే," అన్నారు. "పాపం, ఆవిడకి వారం వారం ఇలాగే ఉంటుందేమో."

"ఉండదా మరి!" అన్నాను.

తర్వాతి ఆదివారం తొమ్మిదైనా ఈయన ఫోను ముట్టుకోలేదు. అక్కే చేసింది. వారమంతా నిద్ర లేనట్టుంది, కళ్లు లోపలికి పోయాయి. గదులేవీ తిప్పలేదు, నేరుగా బాత్రూంలోకి తీసుకెళ్లింది. మూలన బకెట్ లేదు. విరిగిన టైల్, దాని సందుల్లో టీరంగు గీతలు, అన్నీ కొట్టొచ్చినట్టు కనిపిస్తున్నాయి.

"ఇదీ సార్," అంది.

ఈయన కళ్లద్దాలు సవరించుకుని చాలాసేపు చూశారు. ఒక్క మాట తూలితే ఊరుకోకూడదని నేను పక్కనే సిద్ధంగా ఉన్నాను.

"అమ్మా," అన్నారు చివరికి, "ఆ మూల బోసిగా ఉంది. బకెట్ పెట్టేసుకోండి."

ఈయన గొంతు సవరించుకున్నారు.

"ఆ గడియారం కూడా గోడకి తగిలించుకోండి. సుత్తి పిడి మాత్రం ముందు ఒకసారి లాగి చూసుకోండమ్మా."