గాలి తగలని డబ్బీ

పాలవాడు పాలు పోస్తుంటే నేను గిన్నె కంటే ముందు వాడి చెయ్యి చూస్తాను. "నీ నీడను గూడ నమ్మవు నువ్వు" అని నా భార్య రుక్కమ్మ తిడుతుంది. తిట్టనీ. మేడ్చల్ చుట్టుపక్కల పెళ్లి బారాత్‌లకు గుర్రం తోలేవాడు అందరినీ నమ్మితే గుర్రమూ మిగలదు, జీనూ మిగలదు.

అలాంటి ఈ సిద్దిరాములు తన తెల్ల గుర్రం చాందిని మోకాలి ముక్కను శామీర్‌పేట ల్యాబులో ఒక ఆడపిల్ల చేతిలో పెట్టాడు. బౌరంపేట్ పెళ్లిలో డీజే మోతకు బెదిరి, నున్నటి బండల మీద జారి పడింది చాందిని. మోకాలి గుజ్జు చిట్లింది. పశువుల డాక్టరు గుజ్జు బాగున్న చోటునుంచి శనగగింజంత ముక్క కోశాడు. ల్యాబులో దాని కణాలను పెంచి తిరిగి మోకాలికి ఎక్కిస్తారట. అవి చస్తే మళ్లీ కోయడానికి లేదు. కుంటి గుర్రాన్ని చివరికి ఎక్కడికి తోలుకుపోతారో నాకు తెలుసు.

ల్యాబు పిల్ల పేరు లిఖిత. కోస్తావాళ్లు, యాప్రాల్‌లో ఉంటారు. మాట తేనె. అందుకే నాకు ఇంకా అనుమానం.

ముక్కలోంచి కణాలు విడదీశాక నన్ను పిలిచింది. "వీటిని తక్కువ ఆక్సిజన్ ఉన్న పెట్టెలో పెంచుతామండీ" అంది.

"గాలి ఆడకుంట పెంచుడేంది మేడం?"

"గుజ్జులో రక్తనాళాలు ఉండవు కదండీ. ఆ కణాలకు కొద్దిపాటి ఆక్సిజనే అలవాటు. బయటి గాలిలో పెడితే చాలావరకు చచ్చిపోతాయి. మిగిలినవి గుజ్జు తయారుచేయడం మానేస్తాయి."

నాకు ఒళ్లు మండింది. నా చిన్నప్పుడు దోమలు కుడుతున్నాయని మా బాపు కొట్టం తలుపులు మూసి వేపాకు పొగ పెట్టాడు. తెల్లారి చూస్తే మా నల్లగుర్రం కాళ్లు చాపి పడి ఉంది. గాలి లేకపోతే ఏమవుతుందో ఈ పిల్ల నాకు చెప్పాలా?

"సగం బయటి గాలిల పెట్టు. లేకుంటే నా ముక్క నాకు వాపస్ ఇయ్యి" అన్నాను.

"సరేనండీ" అంది. వాదించకుండా ఒప్పుకునేవాళ్లను నేను అసలు నమ్మను. కణాలను రెండు ప్లాస్టిక్ డబ్బీల్లోకి పంచి మూతలు పెట్టి, ఒకదాని మీద 'గాలి' అని చీటీ అంటించింది. ఆమె అటు తిరిగి చేతి తొడుగులు మార్చుకుంటుంటే, జేబులోని గుర్రపు నాడా మేకుతో ఆ డబ్బీ అడుగున చిన్న గీత గీశాను. చీటీ మార్చగలరు గానీ గీత మార్చలేరు.

రోజూ ఫోన్ చేశాను.

"బతికున్నయా?"

"బతికున్నాయండీ."

"ఏవి? నీ పెట్టెలవా, నా గాలిలవా?"

"వచ్చి చూద్దురు గానీ" అని మాట దాటేసేది. నాకు ఆ దాటేయడమే అనుమానం.

చివరికి రమ్మంది. మైక్రోస్కోపులో చూడమంది. చచ్చిన కణం నీలం రంగు పీలుస్తుందట, బతికింది పీల్చదట. 'గాలి' డబ్బీలోవి అన్నీ నీలమే. అయినా చెయ్యి ఊరుకుంటుందా? డబ్బీ తిరగేశాను. గీత లేదు.

"ఇంకోటి సూపియ్యి."

ఆమె ఆక్సిజన్ తక్కువుండే ఆ పెద్ద పెట్టె తలుపు తీసి, లోపలున్న రెండు డబ్బీల్లో చేతికందినది తెచ్చింది. అందులోవి ఒక్కటీ నీలం కాలేదు. తిరగేశాను. అడుగున నా గీత.

"దొరికినవు మేడం! నేను గాలిల పెట్టుమన్న డబ్బీ గిదే. గాలిల పెట్టిందే బతికింది! నా మాట నిజమైతదని భయపడి చీటీ మార్చినవు!"

లిఖిత ముఖం పాలిపోయింది. "అది ఒక్కరోజు కూడా గాలిలో లేదండీ. మీరు గేటు దాటగానే చీటీ తీసేసి మీవి రెండూ ఈ పెట్టెలోనే పెట్టేశాను. ఆ చచ్చినవి వేరే గుర్రానివి. మీకు చూపించడానికని గాలిలో పెంచాను. మిమ్మల్ని మోసం చేసిన మాట నిజం. సగం చంపమంటే నాకు మనసొప్పలేదు."

నా అనుమానం ఇంత నిఖార్సుగా ఎన్నడూ నిజం కాలేదు. దొంగ దొరికింది, సాక్ష్యం చేతిలో ఉంది. కోపం గొంతుదాకా వచ్చింది, అక్కడే ఆగిపోయింది. ఈ పిల్ల నా మాట విని ఉంటే? బాపు తలుపు మూసి చంపాడు. నేను తలుపు తెరిచి చంపేవాణ్ని.

"మీవి మీకు కావాలంటే ఇచ్చేస్తానండీ" అంది ఆమె మెల్లగా.

ఆమె వెనక పెద్ద పెట్టె తలుపు తెరిచే ఉంది. రెండో డబ్బీ లోపలుంది. మేం కొట్లాడుకున్నంతసేపూ ఈ డబ్బీ నా చేతిలోనే ఉంది. దాన్ని ఆమె చేతిలో పెట్టాను.

"మాటలు ఎనక మాట్లాడుకుందాం. ముందు లోపల పెట్టి తలుపు ముయ్యి బిడ్డా. జల్దీ ముయ్యి. గాలి తగుల్తాంది."