ఆరో తలకాయ

పాత సామాన్ల వ్యాపారిని బజార్లో అందరూ 'గోడ' అంటారు. ఎవరైనా ఇల్లు ఖాళీ చేస్తూ బీరువా చూపిస్తే, ఆయన దాని చుట్టూ ఒకసారి తిరిగి, తలుపు తెరిచి మూసి, కిమ్మనకుండా నిలబడతాడు. ముఖం మీద ఒక్క గీత కదలదు. వస్తువు నచ్చిందో లేదో దేవుడికి కూడా అంతుపట్టదు. ఆ మౌనం భరించలేక అవతలివాళ్ళు తామే ధర దించేస్తారు. ముప్ఫై ఏళ్ళుగా ఆయన దుకాణం నడిచింది సరుకు మీద కాదు, ఆ ముఖం మీద.

అటువంటి మనిషి యాభై రెండో ఏట, ఎముకలు కొరికే చలిలో, ఉదయం ఏడింటికి, నిక్కరుతో సరస్సు ఒడ్డున నిలబడవలసి వచ్చింది. కారణం భార్య.

ఆవిడ మూడు నెలల క్రితం చన్నీళ్ళ ఈతలో చేరింది. మోకాళ్ళ నొప్పులకని మొదలుపెట్టి, ఇప్పుడు నొప్పుల ఊసే మరిచిపోయింది. సరస్సు మధ్యలో గొలుసుతో కట్టిన పసుపు డ్రమ్ము ఒకటి తేలుతూ ఉంటుంది. దాన్ని ముట్టుకుని రావాలని ఆవిడ పంతం. సగం దాకా వెళ్ళింది, ముప్పావు దాకా వెళ్ళింది, చివరి పావు మాత్రం మిగిలిపోయింది. రేపటి నుంచి రెండు నెలలు సరస్సు మూసేస్తారు. సరిగ్గా ఇదే సమయానికి వాళ్ళ గుంపులో ఆరో మనిషి, పోస్టాఫీసు గుమస్తా, బదిలీ మీద వెళ్ళిపోయాడు.

గేటు పక్కన బోర్డు ఉంది: చలికాలంలో ఆరుగురికి తక్కువైతే ఈతకు అనుమతి లేదు, ఒక్కరు ఒడ్డెక్కినా అందరూ ఎక్కవలసిందే. వాచ్‌మన్‌కి ఉన్నది ఒక్క పడవ మరి.

"మీరు ఈదక్కర్లేదండీ," అంది భార్య ముందురోజు. "ఛాతీ లోతులో పావుగంట నిలబడితే చాలు. వాచ్‌మన్‌కి ఆరు తలకాయలు కనబడాలి, అంతే."

"కావలసింది తలకాయే అయితే, మిగతా శరీరం ఒడ్డున పెట్టుకోవచ్చా?"

"విడదీసే ఉపాయం ఉంటే పెట్టుకోండి, నాకేం అభ్యంతరం లేదు."

ఆయన బేరీజు వేసుకున్నాడు. పావుగంట చలి ఒకవైపు. రెండు నెలలపాటు పూటపూటా ఆ డ్రమ్ము గురించి వినడం ఇంకోవైపు. పైగా ఇరవై ఆరేళ్ళలో ఆవిడ నోరు తెరిచి అడిగినవి బహు తక్కువ. సరేనన్నాడు.

ఒడ్డున రిటైరైన నర్సమ్మ, లెక్కల మాస్టారు, టైలరు అన్నదమ్ములిద్దరు అప్పటికే సిద్ధంగా ఉన్నారు. గుంపుకి పెద్దదిక్కు నర్సమ్మే.

"దిగగానే ఊపిరి బిగబట్టకండి," అందావిడ. "అరవండి, తిట్టండి, పాడండి, మీ ఇష్టం. గాలి లోపల ఆగిపోకూడదు. నోరు మూసుకుంటే కళ్ళు తిరుగుతాయి."

ఆయన తలూపాడు. ఊపాడే గాని, ముప్ఫై ఏళ్ళ అలవాటు ఎక్కడికి పోతుంది? మిగతా ఐదుగురూ కేకలు పెడుతూ ఒక్క ఊపున దిగిపోతే, ఆయన చెక్కని గోటితో గీరి చూసినట్టు ముందు బొటనవేలు ముంచాడు. తరువాత మడమ. తరువాత మోకాలు. ఒక్కసారి పడాల్సిన దెబ్బ ఆ విధంగా ఇరవైసార్లు పడింది. నీళ్ళు పొట్టకి తగిలేసరికి పైప్రాణాలు పైనే పోయాయి.

అప్పుడు గోడ తన ముఖం పెట్టేశాడు.

చలి కూడా అవతలి బేరగాడే అనుకున్నాడు. మన బాధ కనిపెట్టిందంటే నెత్తికెక్కుతుంది. కాబట్టి పళ్ళు బిగించి, ఊపిరి బిగించి, కన్ను ఆర్పకుండా ఛాతీ లోతులో నిలబడ్డాడు. మనుషులైతే రెండు నిమిషాల్లో దిగివచ్చేవాళ్ళు. నీళ్ళు దిగిరాలేదు.

భార్య దూరం నుంచి ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. ఎప్పటి ముఖమే కనబడింది. బాగానే ఉన్నారులే అనుకుని డ్రమ్ము వైపు సాగిపోయింది.

నర్సమ్మ మాత్రం దగ్గరికి ఈదుకుంటూ వచ్చింది. "ఎలా ఉందండీ?"

"ప... పర్లేదు."

"పెదాలు నేరేడుపండు రంగు తిరిగాయి, పర్లేదంటారేంటి! గట్టిగా మాట్లాడండి. లేకపోతే వాచ్‌మన్‌కి చెయ్యి ఊపేస్తాను. అందరం బయటికే."

ఆయన సరస్సు వైపు చూశాడు. భార్య ఎర్ర టోపీకీ పసుపు డ్రమ్ముకీ మధ్య పాతిక బారల దూరం కూడా లేదు. ఇప్పుడు చెయ్యి ఊపితే మూడు నెలల కష్టం ఆ పాతిక బారల దగ్గర మునిగిపోతుంది. ముంచినవాడు తనే అవుతాడు.

"చచ్చాను బాబోయ్!" అని ఒక్క కేక పెట్టాడు.

పడవలో కునుకుతున్న వాచ్‌మన్ ఉలిక్కిపడి లేచాడు.

"హమ్మయ్య, బతికారు," అంది నర్సమ్మ. "ఆపకండి!"

"చలి! చలి! అమ్మో చలి!" అంతటితో సరుకు అయిపోయింది. చలి గురించి ఎంతసేపని చెబుతాడు? నోరు మూతపడబోయింది. నర్సమ్మ చెయ్యి పైకి లేచింది.

"డాక్టరుగారి అద్దాల బీరువా!" అని అరిచాడాయన. ఎక్కడినుంచి వచ్చిందో ఆయనకే తెలియదు. "తుక్కు అన్నాను! అంత అందమైన బీరువా నా జన్మలో చూడలేదు!"

"అలాగ! ఇంకా!"

"మాస్టారి రాతబల్ల! చెదపట్టిందన్నాను! చెదా లేదు, పాడూ లేదు! అమ్మబుద్ధి కాక ఇంట్లోనే దాచుకున్నాను!"

మాస్టారు ఈత ఆపేశారు. "ఏంటీ? అది మా నాన్నగారి బల్లండీ!"

"తెలుసు! మీరు చెప్పారు! అప్పుడు కూడా నా మొహం కదల్లేదు!"

"మరి మా కుట్టుమిషనో?" అని అరిచారు టైలర్లు, నవ్వుతూ నీళ్ళు మింగేస్తూ.

"అది నిజంగానే తుక్కు!"

ఊపిరి ఆడింది. ఒళ్ళు ఇంకా వణుకుతూనే ఉంది గాని గుండె దారికొచ్చింది. ఇక నోటికి తలుపు లేదు. ఎర్ర టోపీ వైపు తిరిగి గొంతెత్తాడు.

"ఏమేవ్! మీ పెద్దమ్మగారింటికి మంచం బేరానికి వచ్చాను గుర్తుందా? నువ్వు స్టూలెక్కి కర్టెన్లు విప్పుతున్నావు! ఆ మంచం ఎలా ఉందో నాకు ఇప్పటికీ తెలియదు! చూస్తే కదా! జన్మలో ఒకే ఒక్కసారి, అడిగినంతా ఇచ్చేసి వచ్చాను!"

నీళ్ళ మీద మాట చాలా దూరం పోతుంది. ఎర్ర టోపీ ఒక్క క్షణం ఆగింది. ఆ తరువాత ఒక చెయ్యి పైకి లేచి పసుపు డ్రమ్ము మీద ధన్‌మని పడింది. డ్రమ్ముని రెండు చేతులా కౌగిలించుకుని ఆవిడ పకపకా నవ్వడం ఒడ్డు దాకా వినిపించింది.

పావుగంటకి వాచ్‌మన్ ఈల వేశాడు. తువ్వాలు కప్పుకుని వణుకుతున్న గోడ దగ్గరికి మాస్టారు వచ్చి నిలబడ్డారు. అడగకుండానే ఆయన, "రేపే పంపిస్తాను మాస్టారూ," అన్నాడు.

వెనకనుంచి భార్య వచ్చింది. ముక్కు ఎర్రబడింది, కళ్ళు మెరుస్తున్నాయి.

"ముట్టుకున్నాను," అంది.

"చూశాను."

"ఇందాక ఏదో అన్నారు. చెవుల్లో నీళ్ళు పోయి సరిగ్గా వినబడలేదు. మళ్ళీ చెప్పండి."

అది పచ్చి అబద్ధమని అక్కడున్న అందరికీ తెలుసు. అందరూ బట్టలు మార్చుకోవడం మానేసి ఇటే చూస్తున్నారు.

"అందరూ ఉన్నారే," అన్నాడాయన.

"వాళ్ళు ఎలాగూ విన్నారుగా. మిగిలింది నేనే."

ఆయన ముఖం బిగించాలని చూశాడు. పళ్ళు టకటకా కొట్టుకుంటుంటే ముఖం ఎక్కడ నిలుస్తుంది? చెప్పాడు. వణుకు మూలాన ఒక్కొక్క మాటా నాలుగు ముక్కలై వచ్చింది. ఆవిడ ఏమీ తొందరపెట్టలేదు.