రెండు డ్రమ్ముల ఫిర్మిన్

న్యూ ఆర్లీన్స్‌లోని ట్రెమే పేటలో ఒనెసీమ్ లబాట్ పెద్ద డ్రమ్ము మెళ్లో వేసుకుని వీధిలోకి దిగాడంటే, జ్వరంతో మంచం పట్టినవాళ్లు కూడా లేచి కిటికీ దాకా వచ్చేవాళ్లు. మార్నింగ్ బెల్ బ్యాండులో బాకాలు ఊదేవాళ్లు మారుతుండేవాళ్లు గానీ, పెద్ద డ్రమ్ము దగ్గర ఎప్పుడూ అతనే. పక్కన చిన్న డ్రమ్ము మీద అతని స్నేహితుడు హోరేస్. ఆ ఇద్దరి దెబ్బకి బ్యాండు వెనక జనం గొడుగులు ఎగరేస్తూ, రుమాళ్లు తిప్పుతూ, చెప్పులు అరిగేదాకా ఆడేవాళ్లు.

ఒనెసీమ్‌కి ఇద్దరు పిల్లలు. పెద్దది ఎర్లీన్. ఆ తర్వాత ఫిర్మిన్. కొడుకు పుట్టిన వారానికే ఒనెసీమ్ వాడి కోసం బొమ్మంత డ్రమ్ము ఒకటి కొని తెచ్చి ఉయ్యాల పక్కన పెట్టాడు. వాళ్ల నాన్న డ్రమ్ము మోశాడు, తాత మోశాడు. ఇక వీడి సంగతి అడగాల్సిన పనేముంది?

నాలుగేళ్లప్పుడు ఫిర్మిన్‌కి జ్వరం వచ్చింది. ఆ వేసవి ఊళ్లో చాలామంది పిల్లలకి వచ్చింది. కొందరు పోయారు. ఫిర్మిన్ బతికాడు గానీ కుడికాలు చచ్చుబడిపోయింది. ఆస్పత్రి నుంచి ఇనప పట్టీతో ఇంటికొచ్చిన రోజున ఒనెసీమ్ కొడుకుని గుండెకి హత్తుకుని లోపలికి మోసుకొచ్చాడు, మంచం మీద పడుకోబెట్టాడు. తర్వాత ఆ బొమ్మ డ్రమ్ము తీసుకెళ్లి ఎవరికో ఇచ్చేసి వచ్చాడు.

ఎర్లీన్ మాత్రం ఊరుకునే రకం కాదు. ఆదివారం ఊరేగింపు వస్తే తమ్ముణ్ణి చెక్కబండిలో కూర్చోబెట్టి, తాడు భుజాన వేసుకుని బ్యాండు వెనకే లాక్కుపోయేది. ఒకసారి బండి చక్రం ట్రాము పట్టాలో ఇరుక్కుంది. వెనక నుంచి జనం తోసుకొస్తున్నారు. ఎర్లీన్ కేక పెట్టింది. ఆ కేక ఒనెసీమ్ చెవిన పడింది. నడివీధిలో ఆ డ్రమ్ము ఆగడం అదే మొదటిసారి. డ్రమ్ము ఆగితే బ్యాండు ఆగుతుంది, బ్యాండు ఆగితే జనం ఆగుతారు. అతను వెనక్కి వచ్చి కొడుకుని ఎత్తుకుని ఎవరిదో ఇంటి మెట్ల మీద కూర్చోబెట్టాడు.

"ఇంకెప్పుడూ వీణ్ణి ఇందులోకి తేకు. డ్రమ్మంటే నడిచేవాళ్ల పని. వీడికి దేవుడు వేరే పని చూపిస్తాడు," అన్నాడు ఎర్లీన్‌తో.

భయంతో అన్న మాట అది. ఎర్లీన్‌కి పెద్దయ్యాక అర్థమైంది. ఫిర్మిన్‌కి మాత్రం అప్పుడే, ఆ మెట్ల మీదే, మేకులా దిగింది.

ఆ తర్వాత వాడు మెట్ల మీద నుంచే ఊరేగింపులు చూశాడు. చూశాడనడం కన్నా విన్నాడనడం నిజం. బ్యాండు వీధి మలుపు తిరిగే ముందు నుంచి, చివరి మనిషి కనుమరుగయ్యేదాకా కళ్లు మూసుకుని వినేవాడు. తర్వాత పెరట్లోకి పోయి పందికొవ్వు డబ్బా బోర్లించి, పక్కన సబ్బుల పెట్టె పెట్టుకుని కూర్చునేవాడు. చేతులు హోరేస్ బాబాయ్ వాయించింది వాయించేవి. పెట్టె మీద ఎడమకాలు నాన్న వాయించింది వాయించేది. ఇద్దరు మనుషులు వీధి పొడవునా మోసేదాన్ని వాడొక్కడే కూర్చుని మోయడం నేర్చుకున్నాడు. వంటింట్లో తల్లి క్లెమెన్స్, ఆ మోతకి గంబో పులుసు కూడా లయలో ఉడుకుతోందని విసుక్కునేది. విసుక్కుంటూనే నడుం కదిపేది.

పదిహేడేళ్లకి ఫిర్మిన్ బార్లలో వాయించడం మొదలుపెట్టాడు. మడమతో, మునివేళ్లతో కాలి పెడల్ తొక్కుతూ పెద్ద డ్రమ్ము పలికించేవాడు, అదీ ఎడమకాలితో. అందుకని అతని డ్రమ్ముల సెట్టు అద్దంలో చూసినట్టు కుడి ఎడమలు మారి ఉండేది. సెట్టులో ఉండే ఇత్తడి తాళాల జతని మామూలుగా రెండో కాలితో మూసి తెరుస్తారు. అతనికి ఆ కాలు పనిచేయదు కాబట్టి వాటిని సగం తెరిచి బిగించేసి, మిగతాదంతా చేత్తోనే చేసేవాడు. తెల్లవాళ్ల హోటళ్లలో వాయించిన రోజుల్లో నల్లవాళ్లు వంటింటి గుమ్మం నుంచే లోపలికి పోవాల్సి వచ్చేది. ఆ గుమ్మాల దగ్గర డ్రమ్ములు దించేది ఎర్లీన్. పగలు జుట్టు దువ్వే దుకాణంలో పని, సాయంత్రాలు తమ్ముడి సామాను. పెళ్లయ్యాక కూడా మానలేదు. మొగుడు ఏమైనా అంటే, "నువ్వు కొత్తగా వచ్చావు, వాడు పాతవాడు," అనేది.

పంతొమ్మిది వందల అరవై ఆరులో పియానో వాయించే కార్విల్ డ్యూప్రీ తన బృందంతో ఒక రికార్డు చేయబోతూ ఫిర్మిన్‌ని పిలిచాడు. పాటకి మాటలు కూడా లేవు. పేరు 'సోమవారం కుండ'. సోమవారం ప్రతి ఇంట్లో పొయ్యి మీద ఉడికే ఎర్ర బీన్స్ కుండకి పెట్టిన పేరది. మొదటి విడత వాయించగానే అద్దం వెనకనున్న రికార్డింగు అతను ఆపేశాడు. డ్రమ్ము తాగినవాడిలా తూలుతోందన్నాడు, తిన్నగా వాయించమన్నాడు. ఫిర్మిన్ తిన్నగా వాయించాడు. అందరూ తిన్నగా వాయించారు. పాట చచ్చిపడినట్టుంది.

కార్విల్ పియానో మీద నుంచి చేతులు తీసేసి గోడవారగా కూర్చున్న ఎర్లీన్‌ని చూశాడు. "అక్కా, నువ్వు చెప్పు. ఇందాకటిదా, ఇప్పటిదా?"

"ఇందాక నా కాళ్లు ఊరుకోలేదు. ఇప్పుడు ఇంటికెళ్లి బట్టలు ఇస్త్రీ చేసుకోవాలనిపిస్తోంది," అంది ఎర్లీన్.

కార్విల్ రికార్డింగు అతని వైపు తిరిగి, తూలడం కాదు, వీధిలో నడవడం అది, మావాడు ఎలా వాయిస్తే అలా పట్టు, లేదంటే మేం లేచిపోతాం అన్నాడు. అలా పట్టిందే రికార్డయింది.

నెల తిరిగేసరికి ప్రతి బారులో అదే, ప్రతి కారు కిటికీలోంచి అదే. డెట్రాయిట్‌లోనూ షికాగోలోనూ డ్రమ్ము పట్టిన ప్రతివాడూ దాన్ని రాబట్టడానికి తంటాలు పడుతున్నాడని కబుర్లు వచ్చాయి. కొందరు దానికి ఫంక్ అని పేరు పెట్టారు. ఆ మాట వినగానే క్లెమెన్స్, చెమట కంపుకి వాడే మాట నా ఇంట్లో వద్దంది. వాయించేటప్పుడు చూడమ్మా, కంపు కూడా ఉంటుందిలే అన్నాడు ఫిర్మిన్.

ఒనెసీమ్ మాత్రం రికార్డు గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. రేడియోలో వస్తే లేచి బయటికి పోయేవాడు. ఫిర్మిన్ అది చూసి నవ్వేసేవాడు. కానీ ఆ నవ్వు ఎర్లీన్‌కి తెలుసు. ఆస్పత్రి మంచం మీద నుంచి నవ్విన నవ్వే.

ఆ ఏడు ఆకురాలే కాలంలో ఊరేగింపు జరిపించే సంఘం వాళ్లు ఒనెసీమ్ దగ్గరికి వచ్చారు. కుర్రకారంతా 'సోమవారం కుండ' అడుగుతున్నారు, బ్యాండు అది వాయించకపోతే ఈసారి వేరే బ్యాండుని పిలుస్తామన్నారు. ఒనెసీమ్, హోరేస్ వారమంతా చర్చి వెనక కూర్చుని కుస్తీ పట్టారు. రాలేదు. దెబ్బలన్నీ ఉన్నాయి, పాట మాత్రం లేదు.

ఆదివారం మధ్యాహ్నం ఇద్దరూ డ్రమ్ములు మోసుకుని ఫిర్మిన్ ఇంటికి వచ్చారు. ఎర్లీన్ అక్కడే వంటింట్లో ఉంది. తండ్రి ఆ ఇంటి గుమ్మంలో డ్రమ్ముతో నిలబడటం ఆమె ఎన్నడూ చూడలేదు. చేతిలో గరిటె అలాగే పట్టుకుని వచ్చేసింది.

ఒనెసీమ్ కూర్చోలేదు. "ఆ రెండోవాడు ఎవడ్రా?" అన్నాడు.

"ఏ రెండోవాడు?"

"రికార్డులో. నువ్వు చిన్న డ్రమ్ము వాయించావు. పెద్దది వాయించింది ఎవడు? ఏ బ్యాండువాడు? వాణ్ణి పిలువు, మాకో మాట చెప్పి పోతాడు."

ఎర్లీన్‌కి అప్పుడర్థమైంది. కొడుకు తనని కాదని పరాయివాణ్ణెవణ్ణో పక్కన కూర్చోబెట్టుకున్నాడని ఇన్నాళ్లూ ఆయన లోలోపల కుమిలిపోయాడు. ఆయన ఎన్నడూ ఏ బారుకీ వెళ్లలేదు. కొడుకు వాయిస్తుంటే ఒక్కసారీ చూడలేదు.

"రెండోవాడు లేడు నాన్నా," అంది ఎర్లీన్. "నేను అక్కడే ఉన్నాను. వీడొక్కడే."

"పెడల్ సంగతి నాకూ తెలుసు. ఆ దెబ్బ ఒక్కడి వల్ల కాదు."

ఫిర్మిన్ లేచి, పట్టీ చప్పుడు చేసుకుంటూ ముందు గదిలోకి నడిచి సెట్టు వెనక కూర్చున్నాడు. మొదలుపెట్టాడు. కిటికీ అద్దాలు జలదరించాయి. పక్కింటి ముసలమ్మ తన గుమ్మంలోకి వచ్చి భుజాలు ఆడించడం మొదలుపెట్టింది. ఒనెసీమ్ కొడుకు చేతుల వైపు చూడలేదు. ఒంగి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, ఆ ఎడమకాలినే చూస్తూ నిలబడ్డాడు. పాట అయిపోయినా ఆయన వెంటనే నిటారుగా లేవలేదు.

హోరేసే ముందు తేరుకున్నాడు. "ఒనెసీమ్, మన కొంప ముంచాడు వీడు. ఇక ఇద్దరికి కూలి ఎవడిస్తాడు?"

ఒనెసీమ్ అడిగాడు, "ఎక్కడ నేర్చుకున్నావు?"

"మెట్ల మీద," అన్నాడు ఫిర్మిన్. "ఇదిగో, ఇది నీ దెబ్బ. నాలుగో అడుగు దగ్గర కాస్త ముందే వేస్తావు చూడు, అది. ఇదేమో హోరేస్ బాబాయ్‌ది. రెంటి మధ్యా ఖాళీ ఉంది కదా, అది నాది. మీరు దాన్ని నింపేస్తున్నారు, అందుకే రావడం లేదు. నింపకండి. వదిలేయండి."

ఒనెసీమ్ డ్రమ్ము మెళ్లో వేసుకున్నాడు. "మళ్లీ చెప్పు," అన్నాడు. "నెమ్మదిగా చెప్పు. ముసలాణ్ణి."

ఆ మధ్యాహ్నం ఎర్లీన్ అన్నం మాడ్చింది. తండ్రి తప్పు వాయిస్తే తమ్ముడు ఆపి దిద్దడం, తండ్రి తలూపి మళ్లీ మొదలుపెట్టడం, అది వదిలేసి వంటింట్లోకి పోవడానికి ఆమెకి కాళ్లు రాలేదు. వెళ్లబోయే ముందు ఒనెసీమ్ కొడుకు తల మీద చెయ్యి పెట్టి, డ్రమ్ము నడిచేవాళ్ల పని అని ఒకప్పుడు తానో తెలివితక్కువ మాట అన్నానని చెప్పాడు. అంతకు మించి ఆయనకి మాటలు రావు. మర్నాటి నుంచి మంగలి దుకాణంలో ఆయన నోరు మూయించడం ఎవరి వల్లా కాలేదు. రికార్డులో డ్రమ్ములెన్ని, మనుషులెందరు చెప్పండని కనబడినవాడినల్లా పందానికి పిలిచేవాడు. అప్పుడే పేటలో వాళ్లంతా రెండు డ్రమ్ముల ఫిర్మిన్ అనడం మొదలుపెట్టారు.

తర్వాతి ఏళ్లలో ఆ మోత ఎంత దూరం పోయిందో చెప్పడం కష్టం. ఆఫ్రికాలోని లేగోస్ నుంచి ఒకతను వచ్చి ఫిర్మిన్ పెరట్లో పది రోజులు కూర్చుని వెళ్లాడు. న్యూయార్క్ కుర్రాళ్లు ఆ రికార్డు మొదట్లోని డ్రమ్ము ముక్కనే తిప్పి తిప్పి వేసుకుని దాని మీద మాటలు అల్లుకున్నారు. ఫిర్మిన్ వాటన్నిటినీ విని, వీళ్లు నా ఖాళీలో ఇల్లు కట్టుకున్నారక్కా అని మురిసిపోయాడు.

ఎనభై రెండులో జపాన్‌లోని ఒసాకాకి రమ్మని పిలుపొచ్చింది. ఎర్లీన్ కూడా వెళ్లింది. అక్కడ హాలు నిండా ఆఫీసు నుంచి అటే వచ్చిన మనుషులు, బుద్ధిగా చేతులు కట్టుకుని కూర్చున్నారు. వీళ్లకేం అర్థమవుతుందని ఎర్లీన్ తెర పక్కన నిలబడి దిగులుపడింది. ఫిర్మిన్ మొదలుపెట్టాడు. ముందు వరసలో టై కట్టుకున్న ఒకాయన ఎడమ భుజం కదిలింది. తర్వాత పక్కావిడది. చివరికి హాలంతా ట్రెమే వీధిలో ఊగినట్టే ఊగింది. ఎవరూ నేర్పలేదు, ఎవరికీ ఆ వీధి పేరు తెలియదు. ఎర్లీన్ శాలువా అంచుతో కళ్లు తుడుచుకుని మళ్లీ చూసింది.

కచేరీ అయ్యాక మిచియో అనే పిల్ల తన బృందంతో వచ్చి వాయించి చూపించింది. డ్రమ్ముల్ని కుడి ఎడమలు మార్చి పెట్టుకుంది, ఎడమకాలితో పెడల్ తొక్కింది. ఫిర్మిన్ దుబాసీని పిలిచి, ఈ అమ్మాయి కుడికాలికి ఏమైందో కాస్త మెల్లగా కనుక్కోమన్నాడు. దుబాసీ అడిగి వచ్చి చెప్పాడు: ఏమీ కాలేదట. రికార్డు అట్ట మీద మీ బొమ్మ చూసి, ఇలా వాయిస్తేనే ఆ నడక వస్తుందనుకుని ఆరేళ్లుగా అలాగే సాధన చేసిందట.

ఫిర్మిన్ పడీపడీ నవ్వాడు. నవ్వి నవ్వి కళ్లొత్తుకున్నాడు. "నా బతుకంతా కుడికాలు ఉంటే బాగుండుననుకున్నాను. ఈ పిల్లేమో ఉన్నదాన్ని పక్కన పెట్టేసింది," అన్నాడు అక్కతో.

మరుసటి ఏడు మిచియో న్యూ ఆర్లీన్స్ వచ్చింది. ఒనెసీమ్‌కి అప్పటికి డెబ్భై అయిదు దాటాయి, ఊరేగింపులో సగం దూరమే నడుస్తున్నాడు. ఆ ఆదివారం తనకి అలుపొచ్చిన చోట డ్రమ్ము తీసి ఆ పిల్ల మెళ్లో వేశాడు. ఆమె వెన్ను వంగిపోయింది గానీ అడుగు తప్పలేదు. ముసలాయన పక్కనే నడుస్తూ, నాలుగో అడుగు రాగానే వేలు చూపించి, "ఇదిగో, ముందే," అంటున్నాడు. ఆమెకి ఆ మాటలు రావు. ఆ దెబ్బ మాత్రం సరిగ్గా అక్కడే పడింది.

ఫిర్మిన్ ఓ బారు ముందు కుర్చీలో కూర్చుని, నోట్లో చుట్ట సంగతి మరిచిపోయి చూస్తున్నాడు. ఎర్లీన్ పక్కన నిలబడ్డ కొత్తావిడ, వేరే ఊరి నుంచి వచ్చినట్టుంది, ఎవరా పిల్ల, ఎవరి దగ్గర నేర్చుకుందని అడిగింది.

"మా తమ్ముడి దగ్గర," అంది ఎర్లీన్. "అదిగో, ఆ కుర్చీలో ఉన్నాడే, వాడు. వెళ్లి పలకరించమ్మా, ఏమీ అనుకోడు."