నాలుగు నిమిషాల మాటలు

పెనుకొండ కొండ కింది మైదానంలో, గాలి జోరు చూపే సంచి అడ్డంగా బిగుసుకుని నిలబడింది. కర్రకు కట్టిన ఆ నారింజ రంగు గుడ్డ వంక చూసి చెన్నకేశవులు మనసులోనే దండం పెట్టుకున్నాడు. వారం రోజులుగా ఆయన కోరుకుంటున్నది ఈ గాలినే.

ధర్మవరంలో ఆయన గొంతు తెలియని వాళ్లు తక్కువ. మొదట్లో ఆటోలో మైకు పెట్టుకుని, పట్టుచీరల అంగళ్ల గురించి చెబుతూ వీధులు తిరిగేవాడు. పన్నెండేళ్ల కిందట హిందూపురం తిమ్మరాజు ఆ గొంతు విని, తాను జరిపించే విమాన ప్రదర్శనలకు వ్యాఖ్యాతగా పెట్టుకున్నాడు. చిన్న ప్రదర్శనలే. వీపుకు ఇంజను తగిలించుకుని, వెనక పరిచిన గుడ్డ రెక్కతో గాల్లోకి లేచే పారామోటార్లు, రెండు సీట్ల బుల్లి విమానాలు. ఎవరు ఎప్పుడు లేవాలో చెప్పేవాడు డైరెక్టరు తిమ్మరాజు. ఆ మాట హెడ్‌ఫోన్ల ద్వారా పైలట్ చెవిలోనూ వ్యాఖ్యాత చెవిలోనూ తప్ప ఇంకొకరి చెవిన పడదు. జనానికి వినిపించేది వ్యాఖ్యాత మాట ఒక్కటే.

ఆ పనికి ఒక కట్టుబాటుంది. జరగరానిది జరిగినా వ్యాఖ్యాత మాట ఆపకూడదు. గొంతు ఆగితే జనం బెదురుతారు, తొక్కిసలాట అవుతుంది.

కిందటేడు పంద్రాగస్టున ధర్మవరంలో గాలి ఇలాగే ఉంది. లేవాల్సింది ఆయన కూతురు పవిత్ర. తండ్రి వెంట ప్రదర్శనలకు వచ్చి వచ్చి, అదే పని నేర్చుకున్న పిల్ల. గాలి ఎక్కువగా ఉందని చెప్పింది. ముఖ్య అతిథి వచ్చి కూర్చున్నాడు కాబట్టి లెయ్యమన్నాడు తిమ్మరాజు. లేచింది. కొబ్బరిచెట్టంత ఎత్తు దాటగానే రెక్క ముడుచుకుపోయి, కంచె అవతల పడింది.

ఆపకుండా మాట్లాడమని చెవిలో తిమ్మరాజు. చెన్నకేశవులు మాట్లాడాడు. ధర్మవరం మగ్గాల గురించి, జరీ అంచుల గురించి, ఎండలో ఒక రంగూ నీడలో ఒక రంగూ పలికే పట్టు గురించి, నాలుగు నిమిషాలు మాట్లాడాడు. జనం చప్పట్లు కూడా కొట్టారు. ఆయన మైకు కింద పెట్టి పరుగెత్తేసరికి పవిత్రను ఎత్తుకుపోయారు, కంచె అవతల ఆమె చెప్పు ఒకటే ఉంది.

తాను లెయ్యమననే లేదని, ఆ పిల్లే తొందరపడిందని విచారణలో తిమ్మరాజు చెప్పాడు. చెన్నకేశవులు తాను విన్నది చెప్పాడు. బిడ్డ పోయిన మనిషి, మతి చెదిరిందనుకున్నారు. విన్నవాళ్లు ఇద్దరే. అందులో ఒకరు లేరు.

అలాంటివాడు ఏడాది తిరక్కుండానే మళ్లీ తిమ్మరాజు దగ్గరికే పోయి పని అడిగితే ఊరు ముక్కున వేలేసుకుంది. భార్య యశోదమ్మ అన్నం ముందు పెట్టి లోపలికి వెళ్లిపోయింది. తిమ్మరాజు మాత్రం భుజం తట్టాడు.

"నీ గొంతుకు సాటి యాడుండాది కేశవులూ. జరిగిందేదో జరిగిపోయె. మనసులో పెట్టుకోవద్దప్పా."

"మనసులో ఏం లేదు సార్. అంతా చెవిలోనే ఉండాది."

తిమ్మరాజు నవ్వేశాడు.

ఈ పొద్దున చెన్నకేశవులు, సౌండు బాక్సులు చూసే నాగరాజును పిలిచి, తన హెడ్‌ఫోను వైరును పెద్ద బాక్సులకు కలపమన్నాడు. నాగరాజు ఆయన ముఖం కేసి చూసి, వైరు కలిపి, నొక్కాల్సిన బటన్ చూపించాడు.

ఇప్పుడు రెక్క పరుచుకుని నిలబడ్డవాడు ముదిగుబ్బ శివకృష్ణ. పెళ్లయి ఆరు నెలలు. అతనికి చెన్నకేశవులు ముందుగా ఏమీ చెప్పలేదు. చెబితే లేవనని వెళ్లిపోతాడు, తిమ్మరాజు నోరు తెరవడు. ఆ నోరు తెరిపించడానికి ఇంకొకరి బిడ్డను గాలి ముందు నిలబెట్టానని ఆయనకు తెలుసు. తెలిసే నిలబెట్టాడు. తన బల్ల మాత్రం రెక్కకు ముప్పై అడుగుల దూరంలో వేయించుకున్నాడు. శివకృష్ణ లేచేలోపు ఆ ముప్పై అడుగులూ తన మోకాళ్లు దాటగలవో లేదో, అదొక్కటే ఆయనకు తెలియనిది.

చెవిలో శివకృష్ణ గొంతు పలికింది. చెన్నకేశవులు బటన్ నొక్కాడు.

"సార్, గాలి ఎక్కువుండాది, సంచి అడ్డంగా బిగుసుకుండాది. పోయినేడు పవిత్ర గూడా ఇదే చెప్పిందంట గదా."

మాట మైదానమంతా మోగింది. హెల్మెట్ లోపలున్న శివకృష్ణకు అది వినబడలేదు. లారీ మీది అద్దాల గదిలో, చెవులకు హెడ్‌ఫోన్లు బిగించుకుని కూర్చుని ప్రదర్శన నడిపిస్తున్న తిమ్మరాజుకూ వినబడలేదు.

"చెప్పింది. నేను లెయ్ అంటే లేసింది. రెక్క ముడుచుకుంటే నేనేం జేస్తా? నిన్ను పిలిపిచ్చింది నిలబడేదానికి కాదు. లెయ్," అన్నాడు తిమ్మరాజు.

ఇంజను అరిచింది. శివకృష్ణ ముందుకు వంగాడు. చెన్నకేశవులు మైకూ హెడ్‌ఫోనూ వదిలేసి పరుగెత్తాడు. ఒకసారి పడ్డాడు, లేచాడు. రెక్క గాలి మింగి ఉబ్బబోతుండగా దాని మీద బోర్లా పడి, రెండు చేతులా గుడ్డను పట్టుకున్నాడు. తాళ్లు గుంజి శివకృష్ణ వెనక్కి కూలబడ్డాడు. ఇంజను ఆగింది.

మైదానంలో ఇప్పుడు ఒకటే గొంతు.

"కేశవులూ, యాడికి పోయినావప్పా? జనం లేస్తాండారు, మాట్లాడు. పోయినేడు నీ బిడ్డ పడినప్పుడే మాట్లాడితివి గదా, ఇప్పుడేమొచ్చె నీకు?"

లేచిన జనం ఎక్కడివాళ్లక్కడ నిలబడిపోయారు. తలలన్నీ అద్దాల గది వైపు తిరిగాయి. ముందు వరుసలోని పోలీసు అధికారి టోపీ తీసుకుని లేచాడు. తిమ్మరాజు ఇంకా తిడుతూనే ఉన్నాడు.

శివకృష్ణ హెల్మెట్ తీసి, బాక్సుల వైపు చూశాడు. "అన్నా, ఆయన మాట అందరికీ వినపడతాండాది. పోయి ఆపమందునా?"

చెన్నకేశవులు రెక్క మీది నుంచి లేవలేదు. చేతి గడియారం చూసుకున్నాడు.

"ఉండబ్బా," అన్నాడు. "నాలుగు నిమిషాలు కానీ."