హద్దు జెండా

నల్లబండ కొట్టాల హైస్కూల్లో పిల్లలు పళ్లేలు పట్టుకుని అన్నానికి వరుసలో నిలబడి ఉండగా క్వారీ విజిల్ మోగింది. అదేమీ కొత్త కాదు. బేతంచెర్ల చుట్టుపక్కల నాపరాయి తవ్వని ఊరు లేదు. ఈ బడికీ క్వారీకీ మధ్య ఒక బండ్ల బాట, నాలుగు కంపచెట్లు తప్ప అడ్డమేమీ లేదు. రోజూ మధ్యాహ్నం రాతిని పగలగొట్టడానికి తూటాలు పేలుస్తారు. కిటికీలు అదురుతాయి. తెల్లటి దుమ్ము వచ్చి పప్పులో పడుతుంది. పిల్లలు పళ్లెం మీద చెయ్యి అడ్డం పెట్టుకుని తింటారు.

ఆ రోజు తొమ్మిదో తరగతి షాహీనా తన పళ్లెం కింద పెట్టి గట్టిగా అరిచింది.

"గోడకానుకోండి. అందరూ గోడకానుకోండి."

ఆమె ఓణీకి 'భద్రతా నాయకురాలు' అని రాసిన బిళ్ల ఉంది. చిన్నపిల్లలకు ఆ బిళ్లంటే గురి. పరుగున పోయి ప్రహరీ గోడకు వీపులానించి, మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నారు. షాహీనా చివరి పిల్లను చెయ్యి పట్టుకుని లాక్కుపోతుండగా భూమిని కింద నుంచి ఎవరో తన్నినట్టయింది. ఎగిరొచ్చిన రాయి ఒక్కటీ లేదు. గోడే పడింది.

దుమ్ము తగ్గేసరికి పిల్లలు ఏడుస్తూ, దగ్గుతూ బయటికి పాకుతున్నారు. ఆరో తరగతి తనూజ మాత్రం కదలలేదు. ఆమె కుడికాలు బండల కింద ఉండిపోయింది. వంట చేసే ఆడవాళ్లు, ప్రేమయ్య హెడ్మాస్టరు, షాహీనా కలిసి బండలు తీశారు. రాళ్లెత్తే లారీలోనే ఆ పిల్లను కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. పొద్దు గూకేలోపు డాక్టర్లు మోకాలి దాకా కాలు తీసేశారు.

విజిల్ మోగితే గోడకానుకోవడం ఆ పిల్లలకు ఎవరూ పుస్తకంలో చెప్పింది కాదు. క్వారీ కూలోళ్ల ఇళ్లలో పాలతో పాటు వచ్చే బుద్ధి అది. తూటా పేలినప్పుడు తవ్విన గుంతలో నిలువు రాతిని అంటుకుని కూర్చుంటే ఎగిరే రాయి తల మీదుగా పోతుంది. ఆ రాయి భూమిలో నుంచి లేచింది, కదలదు. బడి గోడ అట్లాంటిది కాదు. క్వారీలో పనికిరాని ముక్కల్ని సిమెంటు లేకుండా ఒకదాని మీద ఒకటి పేర్చి, పైన సున్నం కొట్టి, కాంట్రాక్టరు శివశంకర్ బడికి దానమిచ్చాడు. గోడ మీద బడి పేరు కంటే ఆయన పేరే పెద్దగా రాయించాడు.

ఆ నెలలోనే మండలం నుంచి వచ్చిన ఆఫీసర్లు బడిలో భద్రతా శిక్షణ ఇచ్చి పోయారు. బకెట్లో కాగితాలు కాల్చి, ఎర్ర సిలిండరుతో ఆర్పి చూపించారు. ఫోటోలు తీసుకున్నారు. షాహీనాకు బిళ్ల పెట్టింది అప్పుడే. తూటా పేలినప్పుడు ఏం చేయాలి సార్ అని ఆ పిల్ల లేచి అడిగింది. అది మా శిక్షణలో లేదమ్మా, మీ పెద్దోళ్లను అడుగు అన్నారు. ఇంటికి పోయి నాయననడిగింది. సైఫుల్లా క్వారీలో రాతికి బొక్కలు పెట్టే డ్రిల్లరు. ఆయన తనకు తెలిసింది చెప్పాడు.

గోడ పడిన రోజు నుంచి షాహీనా ఎవరికీ ఏమీ చెప్పడం మానేసింది. పక్కింటి బిడ్డ పాకుతూ పొయ్యి దగ్గరికి పోతుంటే లేచి పోయి ఎత్తుకుంది కానీ, నోరు తెరిచి వద్దనలేకపోయింది. తను నోరు తెరిస్తే ఎవరికో ఏదో అవుతుందని భయం.

విచారణకు ఆఫీసరు వచ్చాడు. బడి వసారాలో ఆయనా, కాంట్రాక్టరూ కుర్చీల్లో కూర్చున్నారు. తల్లిదండ్రులు ఎండలో నిలబడ్డారు. తనూజ తల్లి తిరుపతమ్మ ఆసుపత్రిలోనే ఉంది. గోడ ఎందుకు పడిందని ఆఫీసరు అడగలేదు. పిల్లలు అక్కడికెందుకు పోయారని అడిగాడు.

"ఆ పిల్ల లీడరు పొమ్మనింది, పోయినారు," అన్నాడు శివశంకర్. "దానికి క్వారీ ఏం చేయల్ల సార్? బడికి గోడ కట్టించడం నా తప్పా?"

ప్రేమయ్య తల వంచుకున్నాడు. బడిలో బల్లలు, నీళ్ల మిషను, గంట, అన్నీ కాంట్రాక్టరు ఇచ్చినవే. విద్యార్థి నాయకురాలి అవగాహన లోపం వల్ల జరిగిన ప్రమాదమనీ, మరొకసారి శిక్షణ ఇస్తామనీ ఆఫీసరు తేల్చాడు. అప్పుడు జనంలో నుంచి సైఫుల్లా ముందుకొచ్చాడు.

"ఆ మాట నా బిడ్డకు నేను చెప్పినా సార్. తప్పు రాసుకుంటే నా పేరు మీద రాసుకోండి."

"సైఫుల్లా," అన్నాడు శివశంకర్, గొంతు పెంచకుండానే. "నువ్వు యాడ పని చేస్తాండావో మరిచిపోయినట్టుండావే."

 సైఫుల్లా వెనక్కి జరిగి జనంలో కలిసిపోయాడు. నాయన అట్లా వెనక్కి జరగడం షాహీనా చూసింది. బండల కింద కాలు నలిగిన పిల్లను చూసినప్పటి కంటే అది ఆమెకు ఎక్కువ గుచ్చుకుంది.

తిరుపతమ్మ కర్నూలు నుంచి వచ్చిన సాయంత్రం వాళ్ల సందంతా ఆమె ఇంటి ముందర చేరింది. ఆమె బండలు నునుపు చేసే పాలిష్ ఫ్యాక్టరీలో పని చేస్తుంది. మనిషి ఏడవడం లేదు. ఏడుపు అయిపోయినట్టుంది. మాటలు మొదలైనాయి. పిల్లల్ని బేతంచెర్ల బడికి పంపుదామని కొందరు, బస్సు ఎవరు పెడతారని కొందరు. క్వారీ ఆగితే పొయ్యిలు ఆగుతాయని లారీలకు రాళ్లెత్తే దాసన్న అన్నాడు. పోనీ కాంట్రాక్టరు దగ్గరికి పోయి తనూజకు నష్టపరిహారం అడుగుదాం, అదన్నా వస్తుంది అన్నాడు.

"ఎంతడగల్లో నువ్వే చెప్పు దాసన్నా," అంది తిరుపతమ్మ. "కాలు లెక్కన అడుగుదామా, వేలి లెక్కన అడుగుదామా? బండలకు రేటు కట్టి కట్టి నీకు బాగా తెలిసుంటాదిలే."

దాసన్న తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. తిరుపతమ్మ షాహీనాను పిలిచి దగ్గర కూర్చోబెట్టుకుంది. తిడుతుందని అందరూ అనుకున్నారు. షాహీనా కూడా అదే అనుకుంది.

"పాపా, గోడకానుకోమని చెప్పినప్పుడు నువ్వు ఆ గోడను చూసినావా?"

"లేదత్తా. నాయన చెప్పినాడు, నేను చెప్పినా."

"మేమూ అంతే. రోజూ ఆ గోడ పక్కనుంచే పనికి పోతాంటిమి. కాంట్రాక్టరు పేరు చదివినాం గానీ గోడను చూడల్యా." ఆమె సైఫుల్లా వైపు తిరిగింది. "సైఫన్నా, తూటా అంటించేముందు క్వారీలో ఏం చూస్తారు?"

"హద్దు జెండా లోపల మనిషి లేడని చూస్తాం. ఉంటే ఓబులేసు అంటించడు. వాళ్ల నాయన కూడా తూటాలు పేల్చినోడే. ఆ కాలం నుంచీ అదే మాట."

"ఆ జెండా యాడ పాతుతారు?"

 పక్కన నిలబడిన తూటా మనిషి ఓబులేసు నేల చూశాడు.

"ముందు బడికి అవతల, తార్రోడ్డు కాడ పాతుతాంటిమి. అప్పుడు బడి హద్దు లోపలుండె. బడి వదిలినాకనే పేలుస్తాంటిమి. క్వారీ పెద్దదైనాక జెండా బడికి ఇవతల, క్వారీ పక్క పాతమన్యాడు కాంట్రాక్టరు. పాతినాం," అన్నాడు సైఫుల్లా.

"ఎవురు?"

"నేనే తిరుపతమ్మా."

 ఆయన్ని తిట్టడానికి ఎవరికీ నోరు రాలేదు. జెండా జరిగినప్పుడు ఆ బాటన నడిచినవాళ్లే అందరూ.  ఇన్నిరోజుల తర్వాత, ఎవరూ అడగకుండానే షాహీనా నోరు తెరిచింది.

"బడి యాడికీ జరగల్యా కదా నాయనా. జెండానే జరిగింది."

"జరిపింది మన చేతులే," అన్నాడు దాసన్న నిదానంగా. "మళ్లా మన చేతులతోనే జరపల్ల."

తెల్లవారి సైఫుల్లా ఆ జెండా పీకి తార్రోడ్డు కాడ పాతాడు. డ్రిల్లర్లు పనికి పోకుండా బడికి వచ్చారు. సుత్తి పిడితో గోడ గోడా తట్టి, బోలుగా మోగే చోటు ఎట్లా తెలుసుకోవాలో పిల్లలకు నేర్పారు. చీలిక కనపడినచోటల్లా పిల్లలు సుద్దముక్కతో గీత గీశారు. ఒక్క గది తప్ప అన్నింటా గీతలు పడ్డాయి. చేతులు కట్టుకుని చూస్తున్న ప్రేమయ్య కాసేపటికి తనే ఒక సుద్దముక్క తీసుకున్నాడు. ఎవరు చెప్పినా సరే, తల మీద ఏముందో వీపు వెనక ఏముందో చూడకుండా ఎక్కడా కూర్చోకూడదని పిల్లలే ఒక మాట అనుకున్నారు. మధ్యాహ్నం అందరూ గదులు వదిలి, క్వారీకి కనపడేటట్టు మైదానం నడుమ కూర్చున్నారు. గదిలో ఉంటే తూటా పేల్చేవాడికి కనపడరు. వాళ్ల చుట్టూ తల్లులు కూర్చున్నారు.

ఓబులేసు గుట్టెక్కి చూశాడు. చేతిలో వత్తి ఉంది. కాంట్రాక్టరు జీపు దిగి అంటించమన్నాడు.

"మనుషులుండారన్నా."

"నిన్నా మొన్నా వాళ్లు ఆడనే ఉండిరి కదరా. అప్పుడు అంటించలేదా?"

"అప్పుడు జెండాను చూసినా. మనుషులను చూడల్యా," అని ఓబులేసు వత్తి జేబులో పెట్టుకున్నాడు.

ఆ రోజు తూటా పేలలేదు. ఆ మరుసటి రోజూ పేలలేదు. బడి జరిగినంతసేపూ తూటా పేల్చబోమని రాసివ్వండి, అంతే అడుగుతున్నామని తిరుపతమ్మ కాంట్రాక్టరుతో చెప్పింది. ఆయన రాసివ్వలేదు. పోలీసు జీపు వచ్చింది. పనికి అడ్డం పడ్డారని, క్వారీ ఆస్తి అయిన జెండా దొంగిలించారని సైఫుల్లానూ తిరుపతమ్మనూ ఎక్కించుకున్నారు. ఎక్కేముందు తిరుపతమ్మ ఎస్సైని అడిగింది, నా బిడ్డ కాలు ఎవరి ఆస్తి అయ్యా అని. ఎస్సై వినపడనట్టు తలుపు వేశాడు. ఓబులేసును పనిలో నుంచి తీసేశారు. ఈ ఊరి మొహం తెలియని ఇంకొక తూటా మనిషిని యాడి నుంచో తెచ్చారు. జెండా మళ్లీ బడికి ఇవతలికి వచ్చింది. దాని పక్కన ఇద్దరు కానిస్టేబుళ్లు నిలబడ్డారు.

మధ్యాహ్నం కావస్తోంది. మైదానంలోకి పోలీసులు ఎవర్నీ రానివ్వడం లేదు. పిల్లలు గదుల్లో, సుద్ద గీతల మధ్య కూర్చుని షాహీనా వైపు చూస్తున్నారు.  బండల కింద నుంచి వినపడిన ఏడుపు ఆమె చెవుల్లో ఉంది. నాయన స్టేషన్లో ఉన్నాడు. పొమ్మని చెప్పడానికి భయం. ఇక్కడే ఉండమని చెప్పడానికీ భయమే.

లేచి వాకిట్లో నిలబడింది.

"నేను చెప్పినానని ఎవురూ రావద్దు. ఈ పైకప్పు చూడండి. బయటికొచ్చి బాట చూడండి. యాడ కూర్చుంటే వాళ్లకు కనపడతామో మీరే చూసుకోండి. రావల్లనుకుంటే రాండి."

ఆమె నడిచింది. వెనక్కి తిరిగి చూడలేదు. కానిస్టేబుల్ చెయ్యి అడ్డం పెడితే ఆ చేతి కింద నుంచి దూరి బండ్ల బాట మీదికి వచ్చి, బాట పక్కన పేర్చిన బండల వరుస ముందర కూర్చోబోయింది.

"అక్కా, ఈడ కాదు," అంది వెనక నుంచి ఒక గొంతు. ఆరో తరగతి పిల్ల. "బండలు ఇటుపక్కకే వాలినాయి చూడు. అదురుకు పడ్తాయి. ఆ పక్కకు పోదాం."

షాహీనా తిరిగి చూసింది. బడి మొత్తం బాట మీద ఉంది. ప్రేమయ్య కూడా ఉన్నాడు. ఆ పిల్ల చూపించిన చోటికి ఆమె జరిగింది. అందరూ జరిగి కూర్చున్నారు.

ఎస్సై వచ్చి నిలబడ్డాడు. ఇక్కడ కూర్చోమని మీకు చెప్పిందెవరని అడిగాడు. చూపు షాహీనా మీదే ఉంది.

"ఎవురూ చెప్పల్యా సార్," అంది ఆ ఆరో తరగతి పిల్ల. "చూసి కూర్చున్యాం."

అప్పుడు రోడ్డు వైపు ఏదో వింతగా అనిపించింది. ఏమిటో మొదట ఎవరికీ అర్థం కాలేదు. తెల్లవారి మొదలైతే రాత్రి దాకా గుయ్యిమని మోగే పాలిష్ ఫ్యాక్టరీల్లో ఒకటి ఆగింది. దాని పక్కది ఆగింది. ఆ తర్వాత ఇంకొకటి. ఆ ఊళ్లో పుట్టిన పిల్లలు పగటిపూట అంత నిశ్శబ్దం ఎప్పుడూ వినలేదు. మోచేతుల దాకా తడి రాతిపొడితో ఆడవాళ్లు రోడ్డు మీదికి వచ్చి బాట పట్టారు. వాళ్ల వెనక దాసన్న, ఓబులేసు, లారీలకు రాళ్లెత్తేవాళ్లు. గుట్ట మీద కొత్త తూటా మనిషి ఆ జనాన్ని చూస్తూ నిలబడిపోయాడు. పోలీసులు ఫోన్లలో ఇంకొక వ్యాను పంపమంటున్నారు.

ముందొచ్చిన ఆడమనిషి పిల్లల దగ్గరికి వచ్చి ఆగింది.

"మేము యాడ కూర్చోవల్ల పాపా?"

"వెనకాల ఏముండాదో చూసుకోని కూర్చో అత్తా," అంది షాహీనా, పక్కకు జరిగి చోటిస్తూ.