రోస్‌వాంట్ దారి ఎవడు మూస్తాడు?

మంచు ఇంకా సరిగ్గా పడకముందే కంపెనీవాళ్లు రోస్‌వాంట్ కొండకి వెళ్లే కుర్చీల లిఫ్టుకు తాళం వేశారు. తర్వాత మేనేజరు ఫాల్క్‌నర్ ఊరివాళ్లందరినీ సత్రంలో కూర్చోబెట్టి సంగతి చెప్పాడు. పక్క లోయలో, ఎండ తగిలే వైపు కొత్త కేబుల్ కారు వస్తోంది. నీడపట్టున ఉన్న మా పాత స్కీ వాలు ఇక ఎవరికీ అక్కర్లేదట.

వెనక బల్ల దగ్గరనుంచి బుర్గీ అత్త లేచింది. డెబ్బై దాటిన మనిషి. ఆవుల పాక నుంచి నేరుగా వచ్చినట్టుంది, బూట్లకు గడ్డి అంటుకునే ఉంది.

"ఎవరికి అక్కర్లేదు బాబూ?"

"అతిథులకండీ. వాళ్లకి ఎండ కావాలి."

"ఎండ కావాలంటే సముద్రానికి పొమ్మను. ఇక్కడికి మంచు కోసం రావాలి."

సత్రమంతా గొల్లున నవ్వింది. ఆమె మాత్రం నవ్వకుండా పాత సంగతులు ఎత్తింది. ఒకప్పుడు చలికాలం వస్తే ఈ ఊళ్లో పొయ్యి వెలిగించడమే గగనం. యుద్ధం అయ్యాక వాళ్ల నాన్న కాసియన్ గడ్డిమోపులు లాగే తాడును ఒక పాత లారీ ఇంజనుకు కట్టి, పట్నం నుంచి వచ్చినవాళ్లను రోస్‌వాంట్ పైకి లాగాడు. ఆ తాడు వల్లే సత్రాలు లేచాయి, రొట్టెల బట్టీ వచ్చింది. ఆ లిఫ్టు నడిపే నా ఉద్యోగమూ దాని చలవే.

"చరిత్ర బాగుందండీ," అన్నాడు ఫాల్క్‌నర్. "కానీ లిఫ్టు లేకుండా పైకెలా వెళ్తారు?"

"మీ లిఫ్టు కంటే నా కాళ్లు ముందు పుట్టాయి."

మంచు బాగా పడ్డాక, మొదటి ఆదివారం పొద్దున్నే అత్త తన స్కీల అడుగున బొచ్చు పట్టీలు బిగించుకుంది. వెనక్కి జారకుండా మంచును పట్టి ఉంచేవి అవే. ఎవరూ ఎక్కకుండా వాలు మొదట్లో కంపెనీ అడ్డంగా కట్టిన తాడు విప్పి, చుట్ట చుట్టి స్తంభానికి తగిలించింది. బట్టీ నడిపే జీటా వెంట నడిచింది. ఆ వెనక పాదిరిగారు, సగం ఊరు.

నా ఫోను మోగింది. ఫాల్క్‌నర్.

"నువ్వు మా మనిషివి కదా, వాళ్లని ఆపు!"

"ఆపాలంటే ముందు అందుకోవాలి కదండీ. అందుకే నేనూ ఎక్కుతున్నా."

పైకి చేరేసరికి అందరి చొక్కాలూ తడిసిపోయాయి. జీటా సంచిలోంచి వేడివేడి రొట్టె తీసి ముక్కలు పంచింది. కింద మా ఇళ్ల కప్పుల మీద పొగ నిటారుగా లేస్తోంది. ఎవరి స్కీ గీతా పడని మెత్తటి మంచు మోకాళ్లదాకా ఉంది. అత్త ముందు దూకింది. వంపులు తిరుగుతూ, వెనక తెల్లటి దుమ్ము లేపుతూ పోతుంటే ఆమె వయసు ఎవరికీ గుర్తురాలేదు. మేమూ కేకలేస్తూ ఆమె వెనకే పడ్డాం. రోజంతా లిఫ్టులో ఎక్కిదిగినా రాని ఆనందం ఆ ఒక్క దిగుడులో ఉంది.

వారం తిరక్కుండానే ఫాల్క్‌నర్ అత్త పాకకు వచ్చాడు. కొత్త కేబుల్ కారులో పైకెళ్లి స్కీల మీద దిగేవాళ్ల దారి పక్క లోయలో ఉన్న ఆమె గడ్డినేల మీదుగా పోవాలి. ఒక పక్క వాగు, మరో పక్క కొండచరియ. వేరే దారి లేదు.

"రోస్‌వాంట్ లిఫ్టు తిరిగితే నీ దారీ తెరుచుకుంటుంది," అంది అత్త, పాలు పితకడం ఆపకుండా.

"కంపెనీ ఒప్పుకోదండీ."

"అయితే నా ఆవులూ ఒప్పుకోవు."

కంపెనీ ఆ చలికాలమంతా మూతి ముడుచుకుంది. నా ఉద్యోగం పోయింది. నేను అడవిలో కలప కొట్టాను. అయినా ప్రతి ఆదివారం కొండెక్కాం. మమ్మల్ని చూసి పక్క లోయలవాళ్లూ, ఆపైన పట్నంవాళ్లూ బొచ్చు పట్టీలు కొనుక్కుని రావడం మొదలుపెట్టారు. సత్రాల్లో గదులు దొరకలేదు.

మరుసటి శరదృతువులో ఫాల్క్‌నర్ మళ్లీ వచ్చాడు. "నడిపితే మాకు నష్టం. అంత మోజుంటే మీరే నడుపుకోండి."

"ఆ మాట ఎప్పుడంటావా అనే చూస్తున్నాం. తాళంచెవి ఇటివ్వు," అంది అత్త.

లిఫ్టు ఊరిదైంది, అత్త గడ్డినేల మీదుగా వాళ్ల దారీ తెరుచుకుంది. మోటారు విప్పి, తుడిచి, మళ్లీ బిగించాం. ప్రారంభం రోజున పొగమంచు కమ్మేసింది. మూడో స్తంభం తర్వాత ఏమీ కనబడటం లేదు. ఎండ వైపు హాయిగా వెలుగు ఉందని ఎవరో చెప్పారు. వరసలోంచి ఒక్కరూ కదల్లేదు. నేను మీట నొక్కాను. మొదటి కుర్చీ ఊగి, తెల్లటి గాలిలోకి వెళ్లిపోయింది.